బాబాయి టోకెన్ జారిన పూట

పోయిన ఆదివారం మా మనవరాలు కాఫీకి తీసుకెళ్తానని నన్ను సింగపూర్‌లో మేముండే చోవా చూ కాంగ్‌లో బస్సెక్కించింది. ఎక్కడికే అంటే చెప్పదు. "సర్‌ప్రైజ్ లా, అమ్మమ్మా" అంటుంది. ఈ వయసులో నాకు సర్‌ప్రైజులు పడవని ఆ పిల్లకెవరు చెప్తారు! బస్సు దిగి, చెట్ల మధ్య నుంచి పోయే నడకదారి మీద కాస్త దూరం వెళ్ళేసరికి ఎదురుగా బుకిట్ తీమా స్టేషన్ కనిపించింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పట్టాలు ఎప్పుడో తీసేశారు, గుర్తుకని కొన్ని ముక్కలు ఉంచారు. ఇటుక గోడలు శుభ్రంగా కడిగి ముఖానికి పౌడరు రాసినట్టు ఉంచారు. సిగ్నల్ లీవర్ల పక్కన నిలబడి జనం ఫోటోలు దిగుతున్నారు. మా పిల్ల గబగబా పోయి, పక్కనున్న చిన్న ఇంట్లో పెట్టిన కాఫీ హోటల్లో కిటికీ దగ్గర బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి, చోటు మాదేనని చోప్ చేసి వచ్చింది. "ఇదేనా స్టేషన్? వై సో స్మాల్?" అని పెదవి విరిచింది. అది టిష్యూ పాకెట్ పెట్టిన చోట ఒకప్పుడు మా పిన్ని కిరసనాయిలు పొయ్యి ఉండేది.

పిన్ని అంటే మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. మా వాళ్ళది మలేషియాలోని పేరాక్‌లో కొబ్బరి ఎస్టేట్. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఎస్టేట్‌లో పుట్టిన ఆడపిల్లను ఎస్టేట్‌లోనే ఇచ్చేవారు. పిన్నిని మాత్రం రైల్వేలో పనిచేసే సంబంధం వచ్చిందని ఇంత దూరం ఇచ్చారు. బాబాయి ఈ స్టేషన్లో బండ్లకు దారి ఇచ్చే పాయింట్స్‌మన్. ఊరు సింగపూర్‌ది, రైలు మలేషియాది, కాపురం రైల్వే క్వార్టర్స్‌లో. దాంతో పిన్ని ఏ దేశంలో ఉందో మా అమ్మమ్మకు ఆఖరిదాకా అర్థం కాలేదు. "అది పట్టాల మీద ఉందిలే" అనేది ఎవరైనా అడిగితే. పిన్నికి పిల్లలు లేరు. అందుకని సెలవులు రాగానే నన్ను తెచ్చుకునేది. పెద్దయ్యాక ఉద్యోగానికని నేనూ ఇటే వచ్చి స్థిరపడ్డాను కాబట్టి, ఈ స్టేషను నాకు సగం పుట్టిల్లు.

స్టేషనంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక అరుగు, ఒక గడియారం, చుట్టూ పచ్చటి అడవి. ఇటు సింగపూర్ పెద్ద స్టేషన్, అటు సముద్రం మీది వంతెన దాటితే మలేషియా వైపు జొహోర్, మధ్యలో ఇది. పాతరోజుల్లో ఇక్కడ జనం ఎక్కడం దిగడం ఉండేదట గానీ, దీనికి అసలు వైభవం గుర్రాల వల్ల. దగ్గర్లో పందేల మైదానం ఉండేది. కౌలాలంపూర్ నుంచి, ఈపో నుంచి పందెం గుర్రాలు రైలు పెట్టెల్లో వచ్చి ఇక్కడే దిగేవట. బాబాయి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు వాటికి నీళ్ళు పెట్టాడు కూడా. "ఒక్కోటి మన పెళ్ళికొడుకుల కన్నా దర్జాగా దిగేది తల్లీ" అని చెప్పేవాడు. తర్వాత గుర్రాలు లారీలెక్కాయి. జనం పెద్ద స్టేషన్‌కే పోవడం మరిగారు. నాకు తెలిసేనాటికి ఇక్కడ ఏ బండీ జనం కోసం ఆగేది కాదు. వేగం తగ్గించుకుని, టోకెన్ మార్చుకుని, కూత వేసుకుంటూ పోయేది.

ఈ టోకెన్ సంగతి చెప్పకపోతే మిగతాది మీకు బోధపడదు. ఒకటే లైను, రెండు వైపులా బండ్లు. ఎదురెదురుగా వచ్చి కొట్టుకోకుండా ఉండాలంటే, ముందున్న దారిలోకి వెళ్ళే డ్రైవరు దగ్గర ఆ దారి తాలూకు టోకెన్ ఉండి తీరాలి. అది తోలుసంచిలో పెట్టిన ఇనుప ముక్క. ఆ సంచికి భుజం పట్టేంత పెద్ద వలయం ఉంటుంది. బండి వస్తుంటే బాబాయి అరుగు చివర నిలబడి ఆ వలయాన్ని పైకెత్తి పట్టుకునేవాడు. ఇంజన్లోంచి మనిషి వంగి పాత వలయాన్ని కిందికి విసిరేసి, కొత్తదాన్ని మోచేతికి తగిలించుకుని పోయేవాడు. రెప్పపాటు పని. వానొచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా, బాబాయి చెయ్యి ఒక్కనాడు దిగలేదు. టోకెన్ అందకపోతే బండి అడుగు ముందుకు వెయ్యడానికి లేదు. ఇనుప ముక్కకు అంత అధికారం ఉంటుందని చిన్నప్పుడు నేను దానికి దణ్ణం పెట్టేదాన్ని.

బాబాయిని చూసి పిన్ని తనదొక పద్ధతి కనిపెట్టింది. పారేసిన పాత పేము వలయం ఒకటి తెచ్చి, తాళ్ళు చుట్టి గట్టిచేసి, దానికి గుడ్డలో మూటగట్టిన పులిహోర పొట్లం వేలాడదీసేది. ఎస్టేట్ నుంచి మావాళ్ళెవరైనా ఆ బండిలో ఉన్నారని తెలిస్తే చాలు, బాబాయికి కాస్త అవతల నిలబడి తనూ వలయం పైకెత్తేది. కిటికీలోంచి చెయ్యి చాచి తగిలించుకోవాలి. ఇంజన్ వాళ్ళ కంటే మావాళ్ళే బాగా పట్టేవారు. పొట్లం అందుకుంటూనే గోంగూర కట్టలు, కరివేపాకు రొట్టలు విసిరేవారు, తిరుగు బండిలో వలయం విసిరేసేవారు. ఒకసారి మా మేనమామ ఉత్సాహం కొద్దీ కొబ్బరికాయ విసిరాడు. అది స్టేషన్ మాస్టరుగారి పూలకుండీని పగలగొట్టింది. ఆయన ఓరి దేవుడా అన్నట్టు "అలామక్!" అని ఒక్క గావుకేక పెట్టి లోపలికి పోయాడు. పిన్ని సాయంత్రం అదే కాయతో పచ్చడి చేసి ఆయనకు ముందుగా పంపించింది.

ఈ నవ్వులన్నీ అమ్మమ్మ పోయినప్పుడు పోయాయి. ఆ కబురు రైల్వే ఫోన్లోనే వచ్చింది. ఎస్టేట్ దగ్గరి స్టేషన్లో మా తెలుగాయన ఒకడుండేవాడు, ఆయన ఈ స్టేషన్‌కీ ఆ స్టేషన్‌కీ చెప్పించుకుంటూ టెలిగ్రాం కన్నా ముందు అందించాడు. సరిగ్గా అప్పుడే పొద్దుటి బండి పెద్ద స్టేషన్లో బయలుదేరింది. కాసేపట్లో ఇటే వస్తుంది. పిన్ని చేతికందిన చీర సంచిలో కుక్కుకుని పరుగెత్తుకొచ్చి అరుగు మీద నిలబడింది. "ఒక్క నిమిషం ఆపించు. నేనెక్కుతాను" అంది. బాబాయి ముఖం నల్లబడిపోయిందట. "అటు జొహోర్లో ఎదురుబండి కాచుకుని ఉంటది. నా ఇంట్లో కబురొచ్చిందని లైను ఆపలేను" అన్నాడట. వలయం పైకెత్తాడు. బండి అందుకుని వెళ్ళిపోయింది. పిన్ని సంచి పట్టుకుని చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత బస్సులో పెద్ద స్టేషన్‌కి పోయి, ఆ పై బండి పట్టుకుని ఎస్టేట్ చేరేసరికి అమ్మమ్మను పంపించేశారు. వాకిట్లో కడిగిన తడి మాత్రం ఉంది.

అందరం ఏడుస్తుంటే మా అమ్మ ఏడవలేదు. మా అమ్మకు దుఃఖమొస్తే ముందు కోపంగానే వస్తుంది. చెల్లెలి మెడ పట్టుకుని ఏడవాల్సింది పోయి, వాకిట్లోనే నిలదీసింది. "గుర్రాలకి ఆగిన బండి కన్నకూతురికి ఆగదేటే? నీ మొగుడికి చెయ్యి దించడానికి అంత బరువైపోయిందేటి?" పిన్ని "ఆయన పని ఆయన చేశాడక్కా" అంది. ఆ ఒక్కమాట అనకుండా ఉండవలసింది. "అమ్మ కన్నా నీకు మొగుడి పనే ఎక్కువైపోయింది! అయితే ఆ పట్టాల మీదే ఉండు, నా గడప తొక్కకు" అని అమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. పెద్దవాళ్ళు సర్దిచెప్పారు, చిన్నవాళ్ళం కాళ్ళావేళ్ళా పడ్డాం. అమ్మ మొండిది. అలా అని పిన్ని తక్కువ తినలేదు. "ఆయన్ని అన్నమాట వెనక్కి తీసుకుంటే వస్తాను" అని భీష్మించుకుని కూర్చుంది. రెండు కొబ్బరిచెట్లయినా గాలికి ఒకదాని వైపు ఒకటి వంగుతాయి గానీ, వీళ్ళు వంగలేదు.

నా పెళ్ళయి, ఇక్కడ ఫ్లాట్ వచ్చాక అమ్మ నన్ను చూడడానికి వస్తూ ఉండేది. బండి ఇటే కదా రావాలి! అమ్మ బయలుదేరిందని నేను పిన్నికి ఫోన్ చేసేదాన్ని. పిన్ని మామూలుగానే వలయానికి పొట్లం కట్టి నిలబడేది. స్టేషను దగ్గర పడుతోందనగానే అమ్మ కిటికీ తలుపు దించేసి అవతలి వైపుకు తిరిగి కూర్చునేది. బాబాయికని, పిన్నికని తేడా లేకుండా మొత్తం స్టేషనుకే వీపు చూపించేది. ఒకసారి నేను తోడుగా వస్తూ, వెనక కిటికీలోంచి చెయ్యి పెట్టి పొట్లం తగిలించుకున్నాను. తెచ్చి పక్కన పెడితే అమ్మ ఎక్కడిదని అడగలేదు. ఇంటికొచ్చాక విప్పి, ఆవగింజ కూడా మిగల్చకుండా తింది. చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు తక్కువ. చిన్నప్పట్నుంచీ దాని చేతికి ఉప్పు తెలీదు" అంది. దాని చేతికి అని అనేశానని తెలిసి, ఆ పూటంతా నాతో కూడా మాట్లాడలేదు. నేను మర్నాడు పిన్నికి ఈ సంగతి చెప్తే ఆవిడ పడీపడీ నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళు ఒత్తుకుంది. "అబద్ధం. సరిగ్గానే వేశాను" అంది. ఆ తర్వాత ప్రతిసారీ వెనక కిటికీ నాదే. ప్రతిసారీ ఉప్పు తక్కువే.

అలా ఏళ్ళు గడిచాయి. తల్లి లేని అక్కచెల్లెళ్ళు, ఒక్క కడుపున పుట్టినవాళ్ళు, ఒకరు వండినది ఒకరు తింటూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతికారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదని మండాలో తెలియక ఊరుకుంటాను.

అమ్మకు జబ్బు చేసినప్పుడు ఇక్కడికే తెచ్చి ఆసుపత్రిలో చూపించాను. కొన్నాళ్ళకు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ఆవిడకు ఇష్టమైనవి పెట్టండి అంది. ఆ మాటకు అర్థమేమిటో పెద్ద చదువులు చదవక్కర్లేదు. అమ్మే తన నోటితో "నన్ను ఎస్టేట్‌కి తోలుకుపో. అమ్మ పోయిన ఇంట్లోనే నేనూ పోతాను" అంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పిన్ని రోజూ వచ్చి కింద వరండాలో కూర్చునేది. పైకి రమ్మంటే "అక్క పిలిస్తే వస్తాను" అనేది. పైకెళ్ళి అమ్మతో చెబితే "దాన్ని రావద్దని ఎవరన్నారు?" అనేది గానీ, పిలువు అనేది కాదు. ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ నా మోకాళ్ళు అరిగాయి తప్ప, వీళ్ళిద్దరి మధ్య బెత్తెడు దూరం కూడా తరగలేదు.

బయలుదేరే పూట వచ్చింది. అమ్మ ఎండకు తట్టుకోలేదని ఏసీ పెట్టెలో, పిన్నివాళ్ళ స్టేషన్ వైపు కిటికీ దగ్గర సీటు తీసుకున్నాను. ఆ సీట్లో కూర్చోబెడితే అమ్మ అటు ఇటు చూసి, ఎటువైపో గ్రహించింది. ఈసారి మారమనలేదు. బండి కదిలాక చాలాసేపు కళ్ళు మూసుకుని ఉంది. స్టేషన్ దగ్గర పడుతోందమ్మా అనగానే కళ్ళు తెరిచింది. కొంగు సవరించుకుంది. కిటికీ మీద చెయ్యి వేసి తలుపు కోసం తడిమింది. తలుపేదీ లేదు. అది బిగించేసిన అద్దం, పైగా లోపలివాళ్ళు బయటికి కనబడని నల్లద్దం. "ఇది ఎలా తెరుచుకుంటదే?" అంది. తెరుచుకోదమ్మా అన్నాను. ఇన్నేళ్ళూ తెరిచి ఉన్న కిటికీని తనే మూసుకుని, ఇప్పుడు తెరవబోతే తెరుచుకోని కిటికీ దొరికింది. అమ్మ నా వంక చూసిన చూపు పగవాళ్ళకు కూడా వద్దు. లేచి పెట్టె చివరిదాకా నడిచే ఓపిక ఆవిడకు లేదు. బండి వేగం తగ్గింది. దూరంగా అరుగు చివర బాబాయి, ఆయనకు కాస్త ఇవతల పేము వలయం ఎత్తి పట్టుకుని పిన్ని.

అప్పుడు ఇంజన్ గట్టిగా కూసింది. బ్రేకు కీచుమంది. బండి ఊగి, ఊగి, ఆగిపోయింది. ఆ స్టేషన్లో ఒక బండి అలా ఆగడం నేను పుట్టాక చూడలేదు. పెట్టెలోవాళ్ళంతా ఏమైంది ఏమైందని లేచారు. తర్వాత తెలిసింది, టోకెన్ డ్రైవరుకు అందలేదు. బాబాయి చేతిలో వలయం ఇంజన్ దగ్గరికి రాగానే కిందికి దిగిపోయిందట. పిన్ని అరుగు మీద పరుగెత్తుకుంటూ ఒక్కో కిటికీ దగ్గరా ముఖం పెట్టి చూస్తోంది, లోపల ఎవరున్నారో కనబడక పక్క కిటికీకి పోతోంది. నేను పిడికిలితో అద్దాన్ని దబదబా బాదాను. మా కిటికీ ముందుకొచ్చి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. అమ్మ కనిపించింది. ఆసుపత్రిలో అన్ని రోజులు కింద కూర్చున్న మనిషి, అక్క ఎంత చిక్కిపోయిందో అప్పుడే చూసింది. నోరు తెరిచి "అక్కా!" అంది. మాకు వినబడలేదు.

అమ్మ కూడా ఏదో అంది. అదీ బయటికి వినబడి ఉండదు. అది అమ్మకూ తెలిసింది. అప్పుడు చెయ్యి పైకెత్తింది. అయిదు వేళ్ళూ దగ్గరకు చేర్చి, నోటి దగ్గర పెట్టుకుని, కనుబొమలు ఎగరేసింది. బువ్వ తిన్నావేటే? అని. పెద్దక్క చిన్నచెల్లెల్ని అడిగినట్టు. పిన్ని తల ఊపింది. తిన్నాను, తిన్నాను అని మళ్ళీ మళ్ళీ ఊపింది. పొట్లం ఉన్న వలయం ఎత్తి అద్దానికి ఆనించి చూపించింది. అమ్మ నవ్వింది. బొటనవేలూ చూపుడువేలూ చేర్చి చిటికెడు ఉప్పు వేస్తున్నట్టు ఆడించి, వేశావా అన్నట్టు తల ఎగరేసింది. పిన్ని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నేను తలుపు దగ్గరికి పరుగెత్తి పొట్లం అందుకుందామని అరిచాను గానీ, పిన్ని ఆ కిటికీ వదిలి రాలేదు. అటు బాబాయి కింద పడిన టోకెన్ తీసుకుని, తోలుసంచికి అంటిన దుమ్ము యూనిఫాం చొక్కాతో నిదానంగా తుడిచాడు. ఎప్పుడూ పరుగు నడక నడిచే మనిషి, పెళ్ళినడక నడుచుకుంటూ ఇంజన్ దగ్గరికి వెళ్ళి అందించాడు. బండి కదిలింది.

వంతెన దాటి జొహోర్ వచ్చాక అమ్మ, "ఆపేడు చూసావా" అంది. "ఆపినోడు అప్పుడే ఆపుంటే అది అమ్మని చూసుకునేది కదే" అని, అమ్మమ్మ పోయినప్పుడు ఏడవని ఏడుపు అప్పుడు ఏడ్చింది. ఎస్టేట్ చేరిన కొద్దిరోజులకే పోయింది. కబురు అందగానే పిన్ని రైలు కోసం చూడలేదు. రైల్వేవాడి పెళ్ళాం బస్సెక్కి వచ్చింది. ఈసారి అందుకుంది. అమ్మ గడప తొక్కి లోపలికొచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని, లేపితే లేవలేదు.

టోకెన్ ఎందుకు అందలేదని పైవాళ్ళు బాబాయిని పిలిచి అడిగారట. "చెయ్యి జారింది" అన్నాడట. అన్నేళ్ళ సర్వీసులో చెయ్యి జారడం అదే మొదలు కాబట్టి, వయసైపోయిందని మందలించి వదిలేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు లైనే మూసేశారు. ఆఖరి బండి వెళ్ళిన రోజు జనం తండోపతండాలుగా వచ్చారు, దండలు వేశారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. బాబాయి మాత్రం ఇంట్లో గిన్నెలు మూటగట్టుకుంటూ ఉండిపోయాడు. ఇద్దరూ జొహోర్ వెళ్ళిపోయారు. బాబాయి అక్కడే పోయాడు. నేను అప్పుడప్పుడూ వంతెన దాటి పిన్నిని చూసొచ్చేదాన్ని. ఒకసారి భోజనాల దగ్గర ఉన్నట్టుండి తనే చెప్పింది. "ఆ రోజు అక్క అడిగితే తిన్నానని తలూపాను కదా. అబద్ధమే. అక్క వెళ్ళిపోతందని పొద్దుట్నుంచీ ఒక్క మెతుకు నోట్లో పెట్టలేదు. అక్కతో ఆఖర్న ఆడింది అబద్ధమైపోయిందని అరుగు మీద కూలబడ్డాను. మీ బాబాయి వచ్చి పొట్లం విప్పి ముందు పెట్టి, ఇప్పుడు తిను, నిజమైపోద్ది అన్నాడు." పిన్ని నా కంచంలో మజ్జిగ పోస్తూ, "తిన్నానే. నిజంగానే ఉప్పు తక్కువైంది" అంది.

ఆ పిన్ని కూడా పోయింది. "కాఫీ బాగాలేదా, అమ్మమ్మా? యూ నెవర్ డ్రింక్ ఆల్సో" అంటోంది మనవరాలు. బాగుందమ్మా అన్నాను. కిటికీలోంచి అరుగు చివర, బాబాయి నిలబడే చోటు కనిపిస్తోంది. అక్కడెవరో చిన్నపిల్లను ఎత్తుకుని ఫోటో తీయించుకుంటున్నారు. బండ్లకు దారి ఇచ్చే మనిషిని నేను ఎరుగుదును, ఆయన ఇంట్లో అన్నం తిన్నాను. కాలానికి టోకెన్ అందించేవాడెవరో మాత్రం ఎవరూ చూపించలేదు. చూపిస్తే, ఎప్పుడో ఒక్కసారి, కాస్త చెయ్యి దించు నాయనా అని అడిగేదాన్ని.